ముందు కర్రల షెడ్డు, తర్వాతే ఆర్చీ

సంపాదకుల వారికి నమస్కారం.

శ్మశానం బాగుచేయడమంటే మన పంచాయతీలకు ముందుగా గుర్తొచ్చేది ఆర్చీ, దానికి రంగులు, లోపల ఓ శివుడి బొమ్మ. శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డునున్న మా ఊరి రుద్రభూమికీ అలాంటి ప్రతిపాదనే వచ్చింది. మూడు తరాలుగా ఆ శ్మశానాన్ని కనిపెట్టుకుని ఉన్న కుటుంబాన్ని మాత్రం ‘మీకేం కావాలి’ అని ఎవరూ అడగలేదు. వాళ్ల పనేమిటో తెలిస్తే ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

పెద్దవాళ్ల దేహం పూర్తిగా కాలాలంటే బాగా ఎండిన కర్ర నాలుగు క్వింటాళ్ల దాకా పడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఐదారు వేసినా ఒక్కోసారి చాలదు. తడి కర్రలో ఉన్న నీరు ఆవిరి కావడానికే చాలా వేడి పోతుంది. పొగ లేస్తుంది గానీ మంట నిలవదు. అప్పుడు కంగారుపడి ఎవరో ఒకరు సీసాతో పెట్రోలు పోస్తారు. అది భగ్గుమని పోసినవాడి చేతి మీదికే వస్తుంది, పైపైన మండి ఆరిపోతుంది, అడుగు దుంగ అంటుకోనే అంటుకోదు. పాత టైర్లు పడేసే పాడలవాటూ ఇలా మొదలైందే. నేల నుంచి అడుగు ఎత్తు దిమ్మ, పైన రేకులు, నాలుగు పక్కలా గాలాడే షెడ్డు ఉంటే వేసవిలో చీల్చి పేర్చిన కర్ర వానాకాలానికి అక్కరకొస్తుంది. ఇప్పుడు ఆ కుటుంబం టార్పాలిన్ కప్పి నెట్టుకొస్తోంది. దాని కింద గాలాడక కర్ర బూజు పడుతోంది.

కాష్టం పేర్చడం ఎవరికైనా వచ్చేదేగా అనుకుంటారు. పొడవు ఏడడుగులు, వెడల్పు మూడడుగుల లోపే. వెడల్పు పెరిగితే కర్ర పక్కలకు జారి వేడి చెదిరిపోతుంది. అడుగున లావు దుంగల్ని అడ్డంగా, మధ్యలో చెయ్యి దూరేంత సందు వదిలి పరుస్తారు. ఆ సందుల్లో ఎండు కొబ్బరి మట్టలు, పిడకలు. ఆపైన నిలువు కర్ర. మన వైపు సులువుగా దొరికే సరుగుడు తొందరగా అంటుకుంటుంది. చింత, తుమ్మ నిదానంగా మండి నిప్పు నిలుపుతాయి. ఆలస్యంగా కాలేవి ఛాతీ, నడుము కాబట్టి చింత దుంగలు అడుగునా, ఆ భాగాల మీదా వేస్తారు. కాళ్ల వైపు సన్న కర్ర చాలు. ఏటి గాలి ఒకే పక్క నుంచి కొడితే మంట వాలిపోయి రెండో పక్క సగమే కాలుతుంది, అందుకని గాలికి ఎదురుగా రేకు నిలబెట్టాలి. తలకొరివి అయ్యాక అందరూ ఏటికి స్నానానికి వెళ్లిపోతారు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు పచ్చి వెదురు గడతో జారిన కర్రను లోపలికి నెట్టేది ఆ కుటుంబమే.

నిప్పు పెట్టకముందే అడగాల్సిన మాటా ఒకటుంది: గుండెకు పేస్‌మేకర్ ఉందా అని. ఉంటే ఆసుపత్రిలోనే తీయించాలి, తీయించకపోతే మంటల్లో పేలుతుంది. పాలిస్టర్ దుప్పట్లు, ప్లాస్టిక్ దండలు తీసేయమంటే కసురుకునే బంధువులూ ఉంటారు, ఏం చేస్తాం!

కొత్త సిమెంటు దిమ్మ మీద నేరుగా కాష్టం పేర్చకూడదని కాంట్రాక్టర్లు కూడా తెలుసుకోవాలి. కాంక్రీటులోని తేమ వేడికి ఆవిరై పెచ్చులు ఎగరగొడుతుంది. పైన జానెడు మందాన ఇసుక పోయాలి, లేదా వేడికి తట్టుకునే ఇటుక పరవాలి. ఇనుప చట్రం పెడితే కింద నుంచి గాలి ఆడి కర్ర ఆదా అవుతుంది. అయితే వేడికి నడిమి కడ్డీలు వంగిపోతాయి. ఆ కడ్డీలు విడిగా ఊడదీసి మార్చుకునేలా చేయించాలి.

పూడ్చే ఆచారమున్నవారికి ఆరడుగుల గొయ్యి కావాలి. ఏటి ఒడ్డు ఇసుక నేలలో నిలువుగా తవ్వితే గోడలు కూలతాయి కాబట్టి మెట్లు మెట్లుగా దిగాలి. వానాకాలం లోతు తవ్వకముందే ఊట వస్తుంది. గట్టు మీది మెరక అప్పటికని అట్టేపెట్టాలి. పూడ్చాక అడుగున్నర ఎత్తు మట్టి పోసినా మొదటి వానలకు కుంగుతుంది, మళ్లీ పోయాలి. కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప వేయాలి. ఏ వరుసలో ఎవరున్నారో ఇవాళ్టికీ ఆ ఇంటి పెద్దాయన జ్ఞాపకంలోనే ఉంది. కాగితం మీద పటం లేదు. ఆయన తర్వాత కొత్త గొయ్యి తవ్వితే పాత ఎముకలు బయటపడే ప్రమాదముంది.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, మరణ సమాచారం తెలియజేసే బాధ్యతను శ్మశాన నిర్వాహకుల మీద కూడా పెట్టింది. 21 రోజుల్లో నమోదు కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కోసం తిరగాలి. ఆ కుటుంబానికి ఒక రిజిస్టరు ఇచ్చి తేదీ, పేరు, వయసు, ఊరు, తెచ్చినవారి సంతకం, దహనమా ఖననమా, ఖననమైతే ఏ వరుసో రాయిస్తే రేపు వితంతు పింఛనుకో బీమాకో వచ్చేవారికి పనికొస్తుంది. శ్మశానాల నిర్వహణ, దిక్కులేని శవాల అంత్యక్రియలు పంచాయతీ విధులని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. అలాంటి శవం వచ్చినప్పుడు కర్ర ఖర్చు ఆ కుటుంబం నెత్తినే పడుతోంది!

సేవ చేస్తున్నారని శాలువా కప్పి చేతులు దులుపుకోవడం మాకు నచ్చలేదు. తాత చేశాడు కాబట్టి మనవడూ చెయ్యాలనడం అంతకన్నా నచ్చలేదు. నెల జీతం, తోలు చేతి తొడుగులు, బూట్లు ఇవ్వండి. ఆపైన ఆ ఇంటి పిల్లలు ఈ పనిలోకి వస్తారో రారో వాళ్లిష్టం. కర్రకు, కూలికి ఎంతో గోడ మీద రాయిస్తే పాడె దింపాక బేరాలాడే బాధ ఇరువైపులా తప్పుతుంది.

ఆర్చీ అంచనాను పక్కనపెట్టి, వచ్చే గ్రామసభకు ఆ కుటుంబాన్నీ పిలిచి మాట్లాడాలని కోరుతున్నాం. మృగశిర కార్తెలోగా షెడ్డు లేస్తే ఈ ఏడాది కర్ర తడవదు.

– నాగావళి తీర గ్రామస్థులు, శ్రీకాకుళం జిల్లా