చర్చి కోసం చీలిన వీధి

సంపాదకుడు గారికి,

మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తామని పాత కట్టడాల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెడుతున్నారు. అవి కంటపడినప్పుడల్లా రెండేళ్ల కింద ఏథెన్స్‌లో చూసిన కప్నికరేయా చర్చి గుర్తొస్తోంది.

ఎర్మూ అక్కడి పెద్ద బజారు వీధి. అటూ ఇటూ బట్టల షాపులు. ఆ సందడిలో నడుస్తుంటే సరిగ్గా వీధి నడుమ ఈ చర్చి ఎదురొస్తుంది. దాన్ని తప్పించుకుని జనమంతా రెండు పాయలుగా వెళ్తారు.

11వ శతాబ్దంలో, బైజాంటిన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలంలో కట్టింది. చాలా చిన్నది. గోడలో ఒక్కో రాయి చుట్టూ సన్నని ఇటుకలు పేర్చారు, ఫొటోకి ఫ్రేమ్ కట్టినట్టు. నేను చెయ్యి పెట్టి తడిమి చూశాను, ఇటుక అంచులు అరిగి నున్నగా తగిలాయి. పైన ఎనిమిది పలకల గుమ్మటం, దాని మూలల్లో పాలరాతి చిట్టి స్తంభాలు. లోపల ఆ గుమ్మటాన్ని మోసే నాలుగు స్తంభాల తలలు ఇంకా పాత రోమన్ కట్టడాలవి. ఉత్తరం వైపు సెయింట్ బార్బరా పేరిట చిన్న మందిరం తర్వాత చేర్చారు.

ఇది కూడా పోవాల్సిందే. 1834లో ఏథెన్స్ రాజధాని అయింది. కొత్త ప్లాను ప్రకారం వీధి తిన్నగా రావాలి, చర్చి అడ్డం. అప్పటి గ్రీస్ రాజు ఒట్టో తండ్రి, బవేరియా రాజు లుడ్విగ్ పట్టుబట్టి ఆపించాడు. 1863లో మళ్లీ కూల్చబోతే ఏథెన్స్ బిషప్ అడ్డుపడ్డాడు. అడిగే నాథుడు లేని పాత చర్చిలు మాత్రం ఆ రోజుల్లో ఎన్నో నేలమట్టమయ్యాయి.

మన దగ్గరా అడిగితే ఆగిన సందర్భం ఉంది. హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ అనే పాత భవనాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. కానీ ప్రతి ఊళ్లో, ప్రతి గోడకీ కోర్టుకెక్కడం ఎవరివల్ల అవుతుంది? రంగు పూసే ముందే పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూడాలి. ఏ కట్టడం ఎప్పటిదో రాసి మున్సిపల్ ఆఫీసు బోర్డు మీద పెట్టాలి. అవసరమైతే రోడ్డునే నాలుగడుగులు పక్కకి జరపాలి.

మా వీధి చివర పాత సత్రం అరుగు మీద మొన్ననే గుర్తు పెట్టారు. పని ఇంకా మొదలు కాలేదు. దయచేసి ఈలోపే వచ్చి చూడమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు