అంతర్జాతీయ అభివృద్ధి మంత్రి గారికి బ్రిటన్ యువ వాలంటీర్ల బహిరంగ లేఖ

మంత్రి గారూ,

జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇవ్వాలని 2015లో మన పార్లమెంటే చట్టం చేసింది. 2021లో అది 0.5కు దిగింది. 2027కల్లా 0.3కు దించుతామంటున్నారు. అందులోనూ శరణార్థులకు ఇక్కడయ్యే మొదటి 12 నెలల ఖర్చు సాయం పద్దులోనే పడుతోంది. అంతర్జాతీయ సాయం లెక్కల నిబంధన దీనికి ఒప్పుకుంటుంది, నిజమే. కానీ ఆ డబ్బు పేద దేశం గడప తొక్కదు.

సాయం డబ్బు ఏం చేయగలదో తెలియాలంటే, తిండి లేక చిక్కిపోయిన పిల్లలకు మందులా పెట్టే ఆహార పొట్లం ఒక్కటి చూడండి. 92 గ్రాముల ముద్ద: వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు. 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. చిక్కి శల్యమైన బిడ్డకు రోజూ రెండు మూడు చొప్పున వారాల తరబడి పెట్టాలి. మధ్యలో సరుకు ఆగితే ఎక్కిన బరువు కరిగిపోతుంది.

అందుకే వచ్చే మూడేళ్ల నిధులు ముందుగానే ఖాయం చేయండి. శరణార్థుల ఖర్చుకు వేరే పద్దు పెట్టండి. 0.7కు ఏ ఏడాది తిరిగొస్తారో చెప్పండి.