బెంగళూరులోని మన సంఘం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. ఈసారి వివరంగా రాయాల్సింది పన్నుల మీద పెట్టుకున్న ఆదివారం సమావేశాల గురించి.

చెత్త ఫీజుతో మొదలైంది. 2025 ఏప్రిల్ నుంచి ఇంటి విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేస్తున్నారు. ఎవరు వేశారు, ఎవరిని అడగాలి అని చాలామంది టెన్షన్ పడ్డారు. మెయింటెనెన్స్ మీద జీఎస్టీ సంగతీ అంతే. ఒక్కో ఫ్లాటుకు నెలకు 7,500 రూపాయలు దాటి, అపార్ట్‌మెంట్ సంఘం ఏడాది రాబడి 20 లక్షలు మించితే 18 శాతం పడుతుంది. దానికి కార్పొరేషన్‌ని తిట్టి లాభం లేదు. ఆ రేట్లు తేల్చేది కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూర్చునే జీఎస్టీ కౌన్సిల్. అక్కడ కేంద్రం ఓటుకు మూడో వంతు విలువ, మిగతాది రాష్ట్రాలన్నిటిదీ. ఏది నెగ్గాలన్నా నాలుగింట మూడు వంతులు కావాలి కాబట్టి కేంద్రం వద్దంటే ఏదీ కదలదు.

ఇంకో ఆదివారం ఆస్తి పన్ను రసీదులు బల్ల మీద పరిచి చదివాం. సెస్ (పన్ను మీద అదనంగా వేసేది) అని ఉన్న అంకెను విడదీస్తే, పన్నులో 6 శాతం గ్రంథాలయాలకు, 3 శాతం భిక్షుకుల పునరావాసానికి. మన ఏరియా లైబ్రరీకి వెళ్ళి చూస్తే తెలుగు పుస్తకాలు ఒక్క అరలో సగం కూడా లేవు. కొత్తవి తెప్పించమని కన్నడలో అర్జీ రాసి ఇచ్చాం. జవాబు రావాలి, వదిలిపెట్టం.

అన్నిటికన్నా నాకు బాధగా ఉన్నది ఇది. 2020 సెప్టెంబరులో బీబీఎంపీ (బెంగళూరు మహానగర పాలక సంస్థ) కార్పొరేటర్ల కౌన్సిల్ గడువు తీరింది. అప్పటి నుంచి కార్పొరేటర్లు లేకుండానే నగర బడ్జెట్లు వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి గానీ 2025 చివరి దాకా ఎన్నికలు జరగలేదు. చట్టం లేనిదే పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. చట్టమైతే ఉంది. ఆ డబ్బు మన వీధి కాలువకా, ఎక్కడో ఫ్లైఓవర్‌కా అని సభలో నిలబడి అడిగే మనిషే లేడు.

మనలో చాలామంది ఓటు ఇప్పటికీ చిత్తూరులోనో అనంతపురంలోనో ఉంది. పన్ను ఇక్కడ కడుతున్నప్పుడు ఓటు కూడా ఇక్కడే ఉండాలని కమిటీ గట్టిగా కోరుతోంది. ఓటు మార్చుకునే ఫారం 8 నింపడానికి సంక్రాంతి రోజు హాలు గుమ్మం పక్కనే మనవాళ్ళు కూర్చుంటారు. ఓటరు కార్డు, ఇక్కడి చిరునామా ఉన్న కరెంటు బిల్లు తెచ్చుకోండి.