పేరొచ్చిన పాత ప్రేమను అడగాలంటే

సంపాదకులకు నమస్కారం.

వరంగల్‌లో చదువుకుని, హైదరాబాద్ పోయి పేరు తెచ్చుకున్నవాళ్లు ఏ బట్టల షాపు ప్రారంభానికో హనుమకొండ వస్తే, ఒకప్పుడు ప్రేమించినవాళ్లు "అందరి ముందే అడిగేస్తా" అని బయల్దేరుతుంటారు. అక్కడ అడగడం దండగ. బౌన్సర్లు, సెల్ఫీల తోపులాట, యూట్యూబ్ మైకులు. మీరు నోరు తెరిచేలోపు వాళ్లు కారెక్కేస్తారు. మర్నాటికి మీ మీద మీమ్స్ తయారు.

తెలిసిన స్నేహితుల ద్వారా ఒక్క ఉత్తరం పంపండి: మీరెవరు, ఏం తెలుసుకోవాలి, ఎక్కడ కలవచ్చు. అంతే. "డబ్బివ్వకపోతే ఫొటోలు బయటపెడతా" అన్న ధ్వని వచ్చిందా, భారతీయ న్యాయ సంహిత 308 కింద కేసుకు దారి ఇచ్చినట్టే. నిజంగా అప్పిచ్చి ఉంటే దానికి లాయర్ నోటీసు వేరు. మామూలు చేబదులైతే ఇచ్చిన మూడేళ్లలోపే దావా వేయాలి.

పాత ప్రేమలేఖలు ఇన్‌స్టాలో పెట్టడం ఇంకో పొరపాటు. కాగితం మీ సొంతమే కావచ్చు, రాతపై కాపీరైట్ మాత్రం రాసినవారిదే. నగ్న చిత్రాల్లాంటివి పెడితే ఐటీ చట్టం 66ఈ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

జవాబు రాకపోతే ఆగాలి. ఆమె వద్దన్నాక కూడా మగవాడు వెంటపడితే అది నేరం, న్యాయ సంహిత సెక్షన్ 78. మహిళల రక్షణకు ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు ఒక్క ఫిర్యాదు చాలు.

కలవడానికి ఒప్పుకుంటే నక్కలగుట్టలో ఏదో హోటల్లో, పగటిపూట కూర్చోండి. ఇద్దరికీ తెలిసిన మనిషి పక్క టేబుల్ దగ్గర ఉంటే మంచిది.

— కొందరు న్యాయవాదులు, హనుమకొండ