మూడు పంక్తుల వార్తలో ఇమడని ఎనభై ఏళ్లు

గౌరవనీయులైన సంపాదకులకు,

గత నెలలో మీ పత్రిక జిల్లా పేజీలో ‘మాజీ సైనికుడి మృతి’ అనే శీర్షిక కింద మూడు పంక్తుల వార్త వచ్చింది. 1971 యుద్ధంలో పాల్గొన్న మాజీ సైనికుడు ఒకరు వృద్ధాప్యంతో కన్నుమూశారని, తోటి మాజీ సైనికులు నివాళులర్పించారని అందులో ఉంది. ఆయన మా పెదనాన్నగారు. వార్తలో ఒక్క అక్షరం తప్పు లేదు, రాసిన విలేకరి మీద నాకు ఫిర్యాదూ లేదు. అయితే ఎనభై ఏళ్లు బతికిన ఆ మనిషి సైన్యంలో ఉన్నది పదిహేనేళ్లే. తిరిగి వచ్చాక నలభై ఏడేళ్లూ కోనసీమలోని ఒక పల్లెలో ధాన్యం మిల్లు నడుపుకొంటూ, ముగ్గురు పిల్లలను పెంచుకొంటూ గడిపారు. ఆ కాలం గురించి చెప్పుకోదగ్గదేమీ లేదన్నట్టు మనమందరం ఊరుకోవడమే నన్ను ఈ ఉత్తరం రాయడానికి పురిగొల్పింది.

1962లో చైనాతో యుద్ధం ముగిశాక సైన్యాన్ని పెద్దయెత్తున విస్తరించిన రోజుల్లో, 1963లో, పద్దెనిమిదో ఏట ఆయన చేరారు. గోదావరికి అవతల, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి ‘మిలటరీ మాధవరం’గా పేరు తెచ్చుకుంది. మా ఊరికి అలాంటి పేరేమీ లేదు. ఆ ఏడాది వెళ్లినవారు నలుగురే. పెదనాన్నగారిని బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కు పంపారు. మందుపాతరలు తీయడం, వంతెనలు కట్టడం, ఇంజన్లు విప్పి బిగించడం అక్కడే నేర్చుకున్నారు. 1971 డిసెంబరులో పాకిస్థాన్‌తో పదమూడు రోజులు సాగిన యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నారు. తూర్పు పాకిస్థాన్‌లో 93 వేల మంది పాకిస్థానీయులు లొంగిపోయిన సంగతి మేము పాఠాల్లో చదువుకున్నామే గాని ఆయన నోట విన్నది కాదు. ఎప్పుడైనా అడిగితే, కూల్చేసిన వంతెనల దగ్గర రాత్రికి రాత్రి బళ్లకు దారి వేయడం గురించి, ఆ బురద గురించి రెండు మాటలు చెప్పి లేచిపోయేవారు.

1978లో పింఛనుతో ఇంటికి వచ్చేసరికి ఆయనకు ముప్ఫై మూడేళ్లు. ఊళ్లో ఆ వయసువారు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నారు, ఈయన ‘రిటైరయ్యారు’. అప్పట్లో కొత్తగా మిల్లు పెట్టాలంటే 1958 నాటి బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం కింద అనుమతి తెచ్చుకోవలసి వచ్చేది. అందుచేత, లైసెన్సు ఉండీ మూతపడిన ఒక పాత హల్లరు మిల్లును (పొట్టు తీయడం, తెల్లగా ఆడించడం రెండూ ఒకే యంత్రంలో జరిగే పాతకాలపు మిల్లు) కొన్నారు. తుప్పుపట్టిన ఆయిల్ ఇంజను సొంతంగా బాగు చేసుకున్నారు. సైన్యం ఇచ్చిన చదువు వాడుకలోకి వచ్చింది అక్కడేనని నా అభిప్రాయం.

మిల్లులో ఆయన తెచ్చిన మార్పు ఏమిటని అడిగితే, చీటీ అంటాను. ధాన్యం అమ్మే రైతుకూ కొనే మిల్లుకూ మధ్య ఎప్పుడూ ఉండే గొడవ తరుగు దగ్గరే. గింజలో తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు ఇంత చొప్పున కోసేస్తారు. ఎంత కోశారో, ఎందుకు కోశారో రైతుకు తెలియదు. పెదనాన్నగారు గింజను పంటి కింద కొరికి తేమ చెప్పేవారు. నచ్చకపోతే రైతునూ కొరికి చూడమనేవారు. ఆ తరువాత కాటా తూకం, తరుగు, దాని కారణం, మిగిలిన సొమ్ము కార్బన్ కాగితం పెట్టి రెండు చీటీలు రాసి, ఒకటి రైతు చేతిలో పెట్టేవారు. కాటా పక్కన ముద్ర వేయించిన ఇరవై కిలోల రాయి ఒకటి ఎప్పుడూ ఉండేది. అనుమానం వచ్చినవారు దాన్ని ఎత్తి పెట్టి కాటాను పరీక్షించుకోవచ్చు. వేసవి సెలవుల్లో నేనూ ఆ చీటీలు రాశాను. నా చేతిరాత గొలుసుకట్టుగా ఉందని, రైతు చదవలేని చీటీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటేనని ఆయన నా చేత మళ్లీ రాయించిన రోజులున్నాయి. ఆయన మెత్తని మనిషి అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అప్పు పెట్టేవారు కాదు, బేరం ఆడనిచ్చేవారు కాదు. అందువల్ల పోగొట్టుకున్న ఖాతాలు చాలానే ఉన్నాయి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, ఇంటి తిండికని రెండేసి బస్తాలు తెచ్చి ఆడించుకునేవారు తగ్గిపోయారు. హల్లరులో నూక ఎక్కువ, తవుడూ ఊకా కలిసిపోతాయి. రబ్బరు రోలర్ల మిల్లులతో పోటీ పడలేక చుట్టుపక్కల చిన్న మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన రెండెకరాలు అమ్మి యంత్రాలు మార్చారు. పెద్దమ్మ ఆ విషయంలో చాలాకాలం ఆయనను క్షమించలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చివేసినప్పుడు మిల్లు రేకులు సగం ఎగిరిపోయాయి. సార్వా (ఖరీఫ్) పంట నీళ్లలో పడి ఉంది, కరెంటు లేదు. ఆయన మొదట చేసిన పని రేకులు వెతకడం కాదు. గోనె సంచుల్లో ఉప్పు తెప్పించి, లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున కలిపి చల్లితే గింజ మొలకెత్తకుండా కొన్నాళ్లు ఆగుతుందని వీధివీధికీ తిరిగి చెప్పారు. అప్పటికి మూలపడిన ఆయిల్ ఇంజనుకు మళ్లీ పని చెప్పారు. ఆరిన ధాన్యం ఎవరు తెచ్చినా ఆ నెలంతా ఆడింపు కూలి తీసుకోలేదు. డీజిలు ఖర్చు మాత్రం చీటీ రాసి మరీ తీసుకున్నారు.

ఇంటి సంగతి చెబితే తప్ప ఆయన సంగతి పూర్తి కాదు. ఏడాదికి రెండు నెలల సెలవు చొప్పున, పెళ్లయిన మొదటి పదేళ్లలో తాము కాపురం చేసింది ఇరవై నెలలేనని పెద్దమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది. తిరిగి వచ్చిన కొత్తలో పెద్ద కూతురు ఆయనను ‘మిలటరీ ఆయన’ అని పిలిచేదట. ఆ మాట ఆయనను ఎంత కలచివేసిందో గాని, తరువాత ఏ పిల్ల పెళ్లికైనా, పురిటికైనా, పరీక్షకైనా మిల్లు ఆపి వెళ్లారు.

మిల్లు కొడుకుకు అప్పగించాక ప్రతి ఆదివారం అరుగు మీద కూర్చొని చుట్టుపక్కల మాజీ సైనికులకూ, వారి భార్యలకూ కాగితాలు రాసిపెట్టేవారు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే భర్త పోయాక కుటుంబ పింఛను ఆగిపోతుంది. బతికి ఉండగానే దాన్ని సరిచేయించుకోమని వెంటపడేవారు. బతికే ఉన్నట్టు పింఛనుదారులు ఏటా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి తన వేలిముద్రలే అరిగిపోయి యంత్రంలో పడకపోతే, బతికే ఉన్నానని నమ్మించడం చావడం కంటే కష్టంగా ఉందని నవ్వారు. ఎనభై నిండినవారికి మూల పింఛనులో ఇరవై శాతం అదనంగా వస్తుంది. ఆయన దాన్ని రెండు నెలలే అందుకున్నారు. నంబరు రాసిన నల్లటి ట్రంకుపెట్టెలో తన కాగితాలన్నీ వరుసగా పెట్టి ఉంచడం వల్ల పెద్దమ్మకు తిరగవలసిన తిరుగుడు తప్పింది.

ఏటా జనవరి 14ను మాజీ సైనికుల దినంగా పాటిస్తారు. 1953లో అదే తేదీన మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశారు. సంక్రాంతి సందడిలో మన జిల్లాల్లో ఆ రోజు ఎవరికీ గుర్తుండదు, పండుగ సంచికలోనూ చోటు దొరకదు. కనీసం ఆ వారంలోనైనా, యూనిఫాం విప్పిన తరువాత వీరు ఏం చేశారో, ఏ కొట్టు పెట్టారో, ఏ చేను దున్నారో, ఎవరిని చదివించారో జిల్లా పేజీలో కాస్త వివరంగా రాయించమని నా మనవి. 1962 తరువాత చేరినవారు ఇప్పుడు ఎనభై దాటుతున్నారు.

పెదనాన్నగారితో పాటు చేరిన నలుగురిలో ఇద్దరు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. మీ విలేకరి వస్తే ఉదయం తొమ్మిదిలోపు రావడం మంచిది; ఒకరికి వినికిడి తగ్గింది కనుక కొంచెం గట్టిగా అడగాలి, రెండో ఆయన అడగకుండానే చెబుతారు.

తన పేరు అచ్చులో చూసుకోవడం పెదనాన్నగారికి ఇష్టం ఉండేది కాదు గనుక నా పేరు కూడా ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
కోనసీమ నుంచి మీ పాఠకుడు