వీడియో పంపితే పాఠం చెప్పినట్టేనా?

సంపాదకుల వారికి,

పోయిన వారం జిల్లా పేజీలో కొత్త బోధన మీద విద్యార్థుల విముఖత గురించి వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్, అంటే పాఠం ఇంటి దగ్గరే వీడియోలో విని, క్లాసులో లెక్కలు, చర్చలు చేసే పద్ధతి, మన పిల్లలకు గిట్టడం లేదట. ముందే వీడియో చూసి రమ్మంటే బద్ధకిస్తున్నారట. ఆ మాట అన్న పెద్దలు ఒక్క విద్యార్థినైనా పక్కన కూర్చోబెట్టుకుని అడిగారా?

నేను 32 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. తిరుపతిలో మా మేడ మీద పీజీ చదివే నలుగురు అమ్మాయిలు అద్దెకుంటారు. వాళ్లలో ఒకమ్మాయిది పలమనేరు దగ్గర పల్లె. గదిలో సిగ్నల్ అందదని రాత్రి పదకొండింటికి మెట్ల మీద కూర్చుని ఫోన్లో పాఠం చూస్తుంటుంది. రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ డేటా ఆ వీడియోలకే అయిపోతుంది. మొన్న కిందికొచ్చి, “సార్, ఈ కార్నో సైకిల్ ఒకసారి చెప్తారా?” అంది. ఆ వీడియో నేనూ చూశాను. 52 నిమిషాలు! తెర మీద పీపీటీ, దాన్నే చదువుతున్న గొంతు. వేడితో నడిచే ఇంజన్లకు కార్నో సైకిలే గరిష్ఠ హద్దు; అవే ఉష్ణోగ్రతల మధ్య నడిచే ఏ ఇంజనుకూ అంతకు మించిన సామర్థ్యం ఎందుకు రాదో ఒక్క ముక్క లేదు. కాగితం మీద గ్రాఫు గీసి, రెండు ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారని) గీతలూ రెండు అడయబాటిక్ (వేడి రాకపోకలు లేని) గీతలూ ఎక్కడెక్కడ కలుస్తాయో చూపిస్తే పావుగంటలో పట్టేసింది. మర్నాడు క్లాసులో ఏం చేశారమ్మా అంటే, “వీడియో చూశారా, డౌట్లున్నాయా అన్నారు సార్. ఎవరం మాట్లాడలేదు. అటెండెన్స్ తీసుకుని వెళ్లిపోయారు” అంది.

2007లో అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, క్లాసు తప్పిపోయే పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. అలా మిగిలిన క్లాసు సమయంలో పిల్లల మధ్య తిరుగుతూ లెక్కలు చేయించారు. అసలు ప్రాణమంతా ఆ రెండో సగంలో ఉంది. మన దగ్గర మొదటి సగం పిల్లల ఫోన్లలోకి తోసి, రెండో సగం ఎగ్గొట్టారు. పిల్లలు వద్దంటున్నది ఈ ఎగవేతనే.

నిజమే, పద్ధతి సరిగ్గా నడిచినా మొదట్లో కొంత గొణుగుడు ఉంటుంది. ఇంటర్ రెండేళ్లూ బిట్లు బట్టీ పట్టి వచ్చినవాళ్లు నా క్లాసులో కూడా “నోట్స్ చెప్పండి సార్” అని గోల పెట్టేవారు. హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల మీద 2019లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. విద్యార్థులు తామే తలలు బద్దలు కొట్టుకున్న క్లాసులో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువే నేర్చుకున్నట్టు వాళ్లకు అనిపించింది. ఆ అనుమానం తీర్చాల్సింది ఎదురుగా నిలబడ్డ అధ్యాపకుడే కదా! ఆ అధ్యాపకుడేడీ? పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. చాలీచాలని జీతానికి గెస్ట్ ఫ్యాకల్టీ ఎన్ని క్లాసులని చూస్తారు? కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే గోడలకు సున్నం, ఫైళ్లకు కొత్త అట్టలు, అందులో ‘వినూత్న బోధన’ అని ఒక పేజీ. 2021లో యూజీసీ కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చన్నప్పుడు, మిగతా 60 శాతం తరగతి గదిలోనే అని కూడా అంది. ఆ 60 శాతం లెక్క ఎవరూ అడగరు.

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ వెలసిన ఊరు మనది. సీమ పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు ఇక్కడికి వస్తారు. వాళ్లను బద్ధకస్తులని పేపర్లో వేయించడం నాకు కడుపు మండించింది.

వీడియోలు పది నిమిషాలకు మించకుండా, అవసరమైనచోట తెలుగులో చేయించండి. సాయంత్రాలు కంప్యూటర్ ల్యాబులు తెరిచి ఉంచండి. ఉన్నత విద్యాధికారులు ముందు చెప్పకుండా ఏదో ఒక క్లాసుకు వెళ్లి, చివరి బెంచీలో గంటసేపు కూర్చోవాలి. మీ విలేకరిని కూడా వెంట పంపండి.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, తిరుపతి