పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: కారు విడిభాగాల షెడ్లకు పెద్దదిక్కు కావాలి

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు లేక, ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. రాష్ట్ర పారిశ్రామిక పాలసీ 4.0 గురించి మీకు మేం చెప్పేదేముంది! కాగితం బాగానే ఉంది. దాన్ని భుజాన వేసుకుని ముందు నడిచే మనిషే లేడు.

శ్రీసిటీలో ఇసుజు, మాదనపాలెంలో హీరో, చిన్నపాండూరులో అపోలో, కరకంబాడిలో అమరరాజా. ఇన్ని పెద్ద పేర్ల నడుమ చిన్న షెడ్లు ఈసురోమంటున్నాయి. బ్యాటరీ కారుకు పిస్టన్, సైలెన్సర్, క్లచ్ ప్లేటు అక్కర్లేదు. మోటారు హౌసింగులు (పైతొడుగులు), కరెంటు తీగలు కలిపే కనెక్టర్లు కావాలి. అటు మారాలంటే కొత్త డైలు (అచ్చులు), లీక్ టెస్ట్ యంత్రం, ఆపైన కొనే కంపెనీ నుంచి పీపీఏపీ ఆమోదం, అంటే ఈ విడిభాగం మాకు పనికొస్తుందన్న ఒప్పుదల. ఆ ఆమోదానికి మామూలుగా కనీసం 300 పీసులు వరసగా తీసి చూపించాలి.

ఆ వరస ఎక్కడ తెగుతోందో చూడండి. వోల్టేజి రెప్పపాటు పడిపోతే చాలు, యంత్రానికి కరెంటు అందించే స్విచ్‌లు, అవే కాంటాక్టర్లు, ఊడి యంత్రం ఆగుతుంది. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రంలో లోహం కోత మధ్యలో ఆగితే కోసే మొన (ఇన్సర్ట్) విరుగుతుంది, చేస్తున్న పీసు స్క్రాప్. ప్లాస్టిక్ మౌల్డింగ్‌లో ఇంకా ఘోరం. సుమారు 280 డిగ్రీల్లో కరిగిన నైలాన్ 66 ప్లాస్టిక్ యంత్రపు వేడి గొట్టం (బ్యారెల్)లోనే నిలిచిపోయి మాడుతుంది. మళ్లీ మొదలుపెడితే పీసుల మీద నల్లచుక్కలు. బ్యారెల్‌లో మాడినదంతా బయటికి తోసి, ఉష్ణోగ్రత కుదిరాక 300 మళ్లీ ఒకటి నుంచి. జనరేటర్ అందుకునేలోపే ఈ నష్టం జరిగిపోతుంది. కంట్రోల్ సర్క్యూట్లకు యూపీఎస్ మేం పెట్టుకోగలం. పరిశ్రమలకు వేరే ఫీడరు (విడి కరెంటు లైను) వేయడం మా చేతుల్లో లేదు. అడిగితే ఒక శాఖ ఇంకో శాఖను చూపిస్తుంది.

బాకీలదీ అదే కథ. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం కొన్న సరుకు డబ్బు చెల్లింపు 45 రోజులు దాటనివ్వకూడదంటుంది, దాటితే వడ్డీ కట్టమంటుంది. కానీ ఆర్డరిచ్చే ఒకే ఒక్క కంపెనీ మీద ఫిర్యాదు చేసి బతికే షెడ్డు ఏది? ఆ మాట పెద్ద మనిషి నోట రావాలి.

1979లో అమెరికా కార్ల కంపెనీ క్రిస్లర్ దివాలా అంచున ఉంటే దాని అధిపతి లీ అయకోకా ఏడాదికి ఒక్క డాలరు జీతం తీసుకున్నాడు. ప్రభుత్వం దగ్గర 150 కోట్ల డాలర్ల అప్పులకు హామీ తెచ్చాడు. కార్మిక సంఘం అధ్యక్షుణ్ణి డైరెక్టర్ల బోర్డులో కూర్చోబెట్టాడు. టీవీ ప్రకటనల్లో తానే నిలబడ్డాడు. 1983కల్లా, గడువుకు ఏడేళ్ల ముందే, ఆ అప్పు తీరింది. మన దేశంలో మారుతిని నడిపించిన వి. కృష్ణమూర్తి హయాంలోనే 1983 డిసెంబరు 14న మారుతి తొలి కారు బయటికొచ్చింది. విడిభాగాల సంస్థల్లో మారుతి తానే వాటా పెట్టి వాటిని నిలబెట్టింది. మేం అడిగే నాయకత్వం అదే. ఆ మనిషి మాటకు కొనేవాడూ, బ్యాంకూ, కార్మికుడూ కదలాలి.

అయ్యా, చేతులెత్తి అడుగుతున్నాం. సత్యవేడు నుంచి చిత్తూరు దాకా ఈ పరిశ్రమకంతా ఒక్క మనిషిని నియమించండి. యంత్రం చప్పుడు తెలిసినవారై ఉండాలి. కరెంటు, బ్యాంకు, బాకీలు మూడింటి మీదా వారికి అధికారం ఇవ్వండి. మధ్యలో బదిలీ చేయకండి. ఆ మనిషి ఎవరో త్వరగా చెప్పండి. మొదటి సంతకం ఆ ఫీడరు మీద పెట్టించండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల విడిభాగాల చిన్న యూనిట్ల తరఫున